అక్షరాలకిచ్చిన చోటు

దరఖాస్తు ఫారంలో పదిహేడో ప్రశ్న దగ్గర హైమావతి పెన్ను ఆగిపోయింది.

'చదవడంలో ఇబ్బంది కాక, మెదడుకు సంబంధించిన వేరే స్థితి ఏదైనా మీ పిల్లకు ఉందా?'

ఆ ప్రశ్నను టైపు చేసింది తనే. గడిచిన ఏడాదిలో ఎంతోమంది పిల్లల తల్లిదండ్రుల ఎదుట కూర్చుని చదివి వినిపించిందీ తనే. 'ఉంది' అన్నవాళ్ళని మర్యాదగా ఎలా వెనక్కి పంపాలో ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు తన కూతురి పేరు కింద 'లేదు' అని రాసి, ఇంకోసారి చూడకుండా ఫారాన్ని ఫైల్లో పెట్టేసింది.

మృదులకు పదేళ్ళు. మూడో ఏట ఆటిజం అన్నారు. ఎనిమిదో ఏట తోటి పిల్లలు వాక్యాలు చదివేస్తుంటే ఆ పిల్ల ఇంకా 'మ'కీ 'య'కీ తేడా పట్టలేకపోయింది. అప్పుడు డిస్లెక్సియా కూడా ఉందన్నారు. రెండూ ఒకచోట చేరితే ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి అడ్డం పడుతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు అక్షరాన్ని పాడించి, తడిమించి, రోజుకో కొత్త ఆటగా నేర్పుతారు. మృదులకు ఆట మారితే చాలు, చెవులు మూసుకుని బల్లకింద దూరిపోయేది.

బళ్ళో ప్రత్యేక టీచరు రత్నకుమారి ఆ చిక్కును ఓపికగా విప్పుకుంటూ వచ్చింది. రోజూ అదే సమయం, అదే చాప, అదే వరస. గోడమీద ఆ రోజు జరగబోయేవన్నీ బొమ్మలుగా అంటించి ఉండేవి. గరుకు కాగితంతో కత్తిరించిన ఒకే ఒక్క అక్షరం, దానిమీద మృదుల చూపుడువేలు. రెండేళ్ళలో ముప్ఫై అక్షరాలు, నలభై మాటలు వచ్చాయి.

"వస్తుందమ్మా. దాని నడక దానిది. మనం తోస్తే పడిపోతుంది, అంతే," అనేది రత్నకుమారి.

కానీ కొత్త నిబంధన ఒకటి వచ్చింది. ఐదో తరగతి చివర చదివే పరీక్షలో నెగ్గని పిల్లలు మామూలు బళ్ళో ఆరో తరగతికి పోవడానికి వీల్లేదు. మృదులకు నోటిమాటగా పరీక్ష పెట్టమని రత్నకుమారి పైవాళ్ళకు అర్జీ పంపింది. నాలుగు నెలలైనా జవాబు లేదు.

హైమావతి భర్త ఎర్రయ్యకు ఇవేవీ పట్టేవి కావు. విశాఖ ఫిషింగ్ హార్బరులో అతనికి బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డుంది. ఆదివారాలు కూతుర్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు. జనం గోలంటే వణికిపోయే ఆ పిల్ల, డీజిల్ ఇంజన్ పక్కన మాత్రం నూనె డబ్బామీద నిశ్చింతగా కూర్చునేది. కళ్ళు సగం మూసుకుని వినేది.

"ఏటమ్మా, ఇదేటంటన్నాది?" అని అడిగేవాడు ఎర్రయ్య.

"దగ్గు," అనేది మృదుల. దగ్గు అంటే డీజిల్లో నీళ్ళు కలిశాయని. ఈల అంటే బేరింగు అరిగిపోయిందని. ఏడుపు అంటే ఏమిటో తెలుసుకోవడానికి అతనికి ఆరు నెలలు పట్టింది. ఇంజెక్టరు మూసుకుపోతోందని. ఆ మాటలు ఆ ఇద్దరికే అర్థమయ్యేవి. రేవులోకి వచ్చే బోటు కనబడకముందే అది ఎవరిదో మృదుల చెప్పేది. మెట్లమీద అడుగుల చప్పుడును బట్టి వచ్చేది నాన్నో, అమ్మో, పక్కింటి మామ్మో చెప్పేసేది.

"ఇంజన్లు విన్నందుకు దానికి సర్టిఫికెట్ ఎవరిస్తారు బావా?" అంది హైమావతి ఒకసారి.

"నాకెవరిచ్చారే?" అని నవ్వాడతను.

అతను మూడో తరగతిలోనే బడి మానేశాడు. అక్షరాలు చీమల్లా పాకిపోయేవని, ఒక్కటీ కుదురుగా నిలబడేది కాదని చెప్పేవాడు. ఆ మాట చెప్పినందుకు మేష్టారు కొడితే మళ్ళీ వెళ్ళలేదు. సంతకం ఒక్కటీ బొమ్మ గీసినట్టు గీస్తాడు. అలాంటి బతుకు కూతురికి వద్దని హైమావతి పట్టుదల. ఆమెకు ఆ పట్టుదల తప్పుగా తోచలేదు. ఏ తల్లికి తోస్తుంది?

సాగర్‌నగర్ దాటాక కొండమీద ఉన్న పరిశోధనాశాలలో ఆమె టెక్నీషియను. అక్కడ డాక్టర్ ఉమాపతి తొమ్మిదేళ్ళు కష్టపడి ఒక టోపీ తయారుచేశాడు. ఈతకొలనులో పెట్టుకునే టోపీలాగే ఉంటుంది. లోపల అరవై నాలుగు బిళ్ళలు. చెవికి అందని సన్నటి ధ్వని తరంగాలు ఆ బిళ్ళల్లోంచి మెదడులో ఒకచోట కలుస్తాయి. ఆ చోటు అరగంటసేపు పచ్చిమట్టిలా మెత్తబడుతుంది. అప్పుడు తెరమీద అక్షరం చూపించి, దాని పలుకు వినిపిస్తే, అది అచ్చు గుద్దినట్టు పడిపోతుంది. చదవడానికి మనిషి మెదడులో పుట్టుకతో కేటాయించిన చోటంటూ ఉండదు. మరేదో పనిచేసే చోటునే చదువుకు వాడుకోవాలి. ఏ చోటు ఖాళీగా ఉందో టోపీ తనే వెతుక్కుంటుంది. పన్నెండుమంది పిల్లలు, వారానికి నాలుగు రోజుల చొప్పున వచ్చి, ఆరు వారాల్లో చదువుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. ఒక్కరికీ తలనొప్పైనా రాలేదు.

ఆ పన్నెండుమందిలో ఆటిజం ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళ మెదడులో ఏది ఎక్కడుంటుందో ఇంకా తేలలేదని ఉమాపతి వాళ్ళని పక్కన పెట్టాడు.

అంగీకార పత్రం మీద సంతకం గీసేముందు ఎర్రయ్య కూతురి గురించి ఒకే ఒక్క మాట అడిగాడు. "మన గుంటకేటీ అవదు కదా?"

"పన్నెండుమందికి ఏమీ కాలేదు బావా."

అది అబద్ధం కాదు. అతను అడిగినదానికి జవాబూ కాదు.

టోపీ పెట్టించుకోవడానికి మృదుల మొదట్లో ఒప్పుకోలేదు. హైమావతి పదిరోజులపాటు ఇంట్లో మామూలు ఈత టోపీ పెట్టి అలవాటు చేసింది. రత్నకుమారి దగ్గర నేర్చుకున్నట్టే బొమ్మల వరస గీసి గోడకు అంటించింది. బస్సు, కొండ, టోపీ, కుర్చీ, బెల్లం అచ్చు, ఇల్లు. ఆ వరస మీద నమ్మకంతో పిల్ల వచ్చి కూర్చుంది. ఉమాపతి తొంగిచూసి, "మాట్లాడదేం?" అన్నాడు. "సిగ్గెక్కువ సార్," అంది హైమావతి.

మామూలుగా తెరమీది మెదడు బొమ్మలో, అక్షరాలు పడుతున్న చోట, ఎడమవైపు, వెనకగా, చింతగింజంత ఆకుపచ్చ మచ్చ మొదలై కాస్త కాస్త పెరిగేది. మృదుల మచ్చ అక్కడ మొదలవలేదు. చెవికి పైన మొదలైంది. పదకొండో రోజుకి అరచేయంతైంది. ఉమాపతి కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు.

"ఈ అమ్మాయి చోటు వేరేగా ఉందే. హైమావతిగారూ, మీ పాపకి చిన్నప్పుడేమైనా..."

"ఏమీ లేదు సార్."

ఆయన ఇంకో క్షణం చూసి లేచి వెళ్ళిపోయాడు. హైమావతి మీట నొక్కింది. ఎక్కువ పెరిగితే ఎక్కువ చదువుతుంది కాబోలు అని మనసుకి చెప్పుకుంది.

పద్నాలుగో రోజు తిరుగు బస్సులో మృదుల ముందు సీటు వెనక రాసిన మాటలు చదివింది. తడుముకోకుండా, గుటక మింగినంత తేలిగ్గా. "కిటికీలోంచి చేతులు బయట పెట్టరాదు." హైమావతి కూతుర్ని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. పక్క సీట్లో ముసలాయన కంగారుపడి నీళ్ళసీసా అందించాడు. ఆ రోజంత సంతోషం ఆమె జీవితంలో అంతకుముందు లేదు. దాన్ని కాదనడం ఎందుకు?

ఇరవై నాలుగు రోజులూ పూర్తయ్యాయి. ఆ తర్వాతి సోమవారం రత్నకుమారి చేత్తో కవరు పట్టుకుని ఇంటికొచ్చింది. మృదులకు నోటిమాటగా పరీక్ష పెట్టడానికి అనుమతి వచ్చింది. గుమ్మంలో నిలబడే ఆ శుభవార్త చెప్పబోయి, లోపల గోడవారగా కూర్చున్న మృదులను చూసి ఆగిపోయింది. పిల్ల బిస్కెట్ పొట్లం మీది సన్నక్షరాలు చదువుతోంది. పదార్థాలు, తయారీ తేది, ఫిర్యాదులకు చిరునామా. చివరికి వచ్చి మళ్ళీ మొదలుపెడుతోంది.

"ఎప్పట్నించి ఇలా?"

"చదువుతోంది కదా టీచర్గారూ," అంది హైమావతి గర్వంగా.

"చదవడం కాదమ్మా ఇది. ఆపలేకపోతోంది, చూడండి."

నిజమే. మందుబిళ్ళల అట్ట, గ్యాస్ బండ, సబ్బు మీది పేరు, ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ మృదుల కళ్ళు చిక్కుకుపోయేవి. పళ్ళెం కింద పరిచిన పేపరు అయ్యేదాకా ముద్ద నోట్లోకి పోయేది కాదు. బజారుకు తీసుకెళితే బోర్డులన్నీ ఒకేసారి మీదపడ్డట్టు నేలమీద ముడుచుకుపోయేది. ఎర్రయ్య ఒకరోజు పని మానేసి, కిరసనాయిలు గుడ్డ, ఉలి పట్టుకుని ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటి మీదా అక్షరాలు గీకేశాడు. కేలండర్ తీసేశాడు. టీవీ అడుగున ఉన్న పేరు కూడా చెక్కేశాడు. తను చదవలేని ప్రతిదాన్నీ వెతికి వెతికి తుడిచాడు.

ఆ ఆదివారం, కాస్త తెరిపిగా ఉంటుందని కూతుర్ని షెడ్డుకు తీసుకెళ్ళాడు. హైమావతి కూడా వెళ్ళింది. ఇంజన్ స్టార్ట్ చేసి అలవాటుగా అడిగాడు. "ఏటమ్మా, ఇదేటంటన్నాది?"

మృదుల చెవులు మూసుకుంది. ఎప్పుడూ కూర్చునే డబ్బా వెనక్కి జరిగి గోడకు నక్కింది. ఇంకో ఇంజన్ తిప్పాడు. ఇంకోటి. ప్రతిదానికీ ఒకేలా ఉలిక్కిపడింది. ఎర్రయ్య ఇంజన్లన్నీ ఆపేశాడు. దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, వెనక్కి తిరిగి ఉన్న కూతుర్ని మెల్లగా పిలిచాడు. "మృదులమ్మా. నానీ. నాన్ననే."

పిల్ల తల తిప్పలేదు. మళ్ళీ పిలిచాడు. చప్పుడు వచ్చిన దిక్కు నుంచి దూరంగా జరిగింది. భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తిరిగి, మొహం చూసి, తెలిసినవాడేనని ఊరుకుంది.

"హైమా," అన్నాడతను లేవకుండానే. "దీనికి నా గొంతు తెలీట్నేదు."

ఆసుపత్రిలో చెవుల పరీక్ష చేశారు. ఏ లోపమూ లేదు. శబ్దం చేరుతోంది. అది మాటో, వానో, కుక్క అరుపో, అమ్మ గొంతో చెప్పాల్సిన చోటు మాత్రం ఇప్పుడు లేదు. తన మాట తనకే తెలియక పిల్ల నోరు విప్పడమూ మానేసింది. మామూలు పిల్లలు మొహాలకీ వస్తువులకీ వాడుకునే చోటులో అక్షరాలకు కాస్త ఖాళీ దొరుకుతుంది. మృదుల తన ప్రపంచాన్నంతా శబ్దాలతో కట్టుకుంది. టోపీ అక్కడే తవ్వింది.

మర్నాడు హైమావతి ఉమాపతి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పదిహేడో ప్రశ్నకి అబద్ధం రాశాను సార్. దానికి మూడో ఏటనించీ ఆటిజం."

ఆయన కంప్యూటర్లో పదకొండో రోజు బొమ్మ తెరిచాడు.

"ఆ రోజు నేనడిగాను."

"అడిగారు. అప్పుడూ అబద్ధమే చెప్పాను."

"మీరు దాస్తున్నారని నాకు అనుమానం వచ్చిందమ్మా. మళ్ళీ అడగలేదు." కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఆ పన్నెండుమందికన్నా మీ పాప ఫలితం బాగుంది. నాకు అడగాలనిపించలేదు."

వెనక్కి తేలేమా అని ఆమె అడిగింది. అదే చోటును మళ్ళీ మెత్తబరచి అక్షరాలను చెరిపే ప్రయత్నం చెయ్యవచ్చన్నాడు. చదువు పోవచ్చు. పోయిన శబ్దాలు తిరిగొస్తాయని మాత్రం చెప్పలేడు. రెండూ పోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో రత్నకుమారితో కలిపి ముగ్గురు పెద్దవాళ్ళూ కూర్చున్నారు. ఫారంలో రాసిన అబద్ధం సంగతి తెలిసినప్పటినుంచి ఎర్రయ్య హైమావతితో అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడటం లేదు. తిట్టినా ఆమెకు తేలిగ్గా ఉండేది.

"చేయిద్దాం," అంది హైమావతి. "ఏదో ఒకటి..."

"మీరు ఊరుకోండి," అంది రత్నకుమారి. ఆమె అంత కటువుగా మాట్లాడడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు. "మొదటిసారి దాన్ని అడిగారా? ఈసారైనా అడగండి."

"ఎలా అడుగుతాం టీచర్గారూ? మాట అర్థం కావట్లేదు కదా."

రత్నకుమారి సంచిలోంచి నోటుబుక్కు తీసింది. పెద్ద అక్షరాలతో, పేజీకి ఒకే ఒక్క వాక్యం రాసింది. 'మంచినీళ్ళు కావాలా?' మృదుల చదివి తల ఊపింది. వారంరోజులుగా పిల్ల దాహంతో ఉన్నా, ఆకలితో ఉన్నా ఎవరికీ తెలియలేదు. ఇంత తేలిక దారి హైమావతికి తోచనేలేదు.

నీళ్ళు తాగాక రత్నకుమారి అన్నీ రాసింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇప్పుడు చెయ్యగలిగింది ఏమిటి, దాంట్లో ఏం పోవచ్చు. తొమ్మిది పేజీలు. మృదుల ఒక్కో పేజీ చదివింది. పెన్సిలు తీసుకుంది. అంతకుముందు తన పేరు కూడా సరిగా రాయలేని పిల్ల, గుండ్రటి అక్షరాలతో రాసింది.

'వద్దు. నా తలలోకి ఇంక ఎవరూ రావద్దు.'

కొంచెం ఆగి, కింద ఇంకో రెండు మాటలు చేర్చింది.

'అమ్మ కూడా.'

హైమావతి ఆ పేజీని పైకే చదివింది, ఎర్రయ్య కోసం. చివరి రెండు మాటలు కూడా వదలకుండా చదివింది.

ప్రయోగం ఆగిపోయింది. ఉమాపతి తన తప్పునూ ఆమె తప్పునూ రాసి, ప్రయోగాలను పర్యవేక్షించే పైసంఘానికి పంపాడు. టోపీకి సీలు వేశారు. హైమావతి ఉద్యోగం పోయింది. చదివే పరీక్షలో మృదులకు బడి మొత్తం మీద మొదటి స్థానం వచ్చింది. హెడ్మాస్టరు ఆమె ఫొటోను నోటీసు బోర్డుకు అంటించాడు. ఆ బోర్డు ముందు మృదుల నిలబడిపోయింది. ఫీజుల నోటీసు, ఆటల పోటీల నోటీసు, తాగునీటి ట్యాంకు శుభ్రం చేసే తేదీలు, అన్నీ చదువుతూనే ఉంది. గంట మోగింది. పిల్లలందరూ పరుగెత్తారు. ఆ చప్పుడు దేనికో తెలియక ఆమె అక్కడే ఉంది. రత్నకుమారి వచ్చి కళ్ళకు చెయ్యి అడ్డంపెట్టి నడిపించుకెళ్ళింది.

ఇంట్లో మాటలన్నీ నోటుబుక్కులోకి మారాయి. అన్నం, స్నానం, బడి, కడుపునొప్పి, అన్నీ అందులోనే. హైమావతి రాసేది, మృదుల జవాబు రాసేది. చదువు రాని ఎర్రయ్య ఆ ఇద్దరి మధ్యా కూర్చుని మొహాలు చూసేవాడు. కూతురు అతని చేతికి నోటుబుక్కు ఇచ్చినప్పుడు ఎటు తిప్పి పట్టుకోవాలో కూడా ఒక్కోసారి తెలిసేది కాదు. మృదుల కాసేపు ఎదురుచూసి వెనక్కి తీసేసుకునేది.

ఒకరోజు అతను ఎవరికీ చెప్పకుండా కొండెక్కి ఉమాపతి దగ్గరికి వెళ్ళాడు. ఆ సంగతి హైమావతికి డాక్టరే ఫోన్ చేసి చెప్పాడు.

"టోపీ తనకి పెట్టమంటున్నాడమ్మా. ఇంజన్లు వినబడకపోతే మీ పనెలా అంటే, పనిపోతే పోనీండి, నా గుంట రాసింది నేను చదవాల అంటున్నాడు. సీలు వేసేశారు, పెద్దవాళ్ళకి పనిచెయ్యదు అని చెప్పి పంపాను. వచ్చాడా?"

సాయంత్రం తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు, ఎర్రయ్య చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం ఒకటి ఆమె కంటపడింది. బట్టలు నానబెట్టబోతూ తీసింది. అతను ఒక్క అంగలో వచ్చి లాక్కున్నాడు.

"నువ్వు చదవకు. నాకిచ్చింది అది."

"ఎప్పుడిచ్చింది?"

"పదేన్రోజులైంది."

పదిహేను రోజులుగా అతను ఆ కాగితాన్ని షెడ్డులో తెరిచి చూస్తున్నాడు. రత్నకుమారిని పట్టుకుని అక్షరాలు కూడా అడిగాడట. మూడింటిని గుర్తుపట్టగలిగాడు. మొదటి మాట 'నాన్నా' అని అర్థమైంది. మిగతావి చీమల్లా పాకుతూనే ఉన్నాయి. కాగితం మడతల దగ్గర చిరిగి, గ్రీజు మరకలతో పల్చబడిపోయింది.

ఇంకో వారానికి అతనే వచ్చి కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. పెరట్లో మృదుల గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుంది. రోజుకి రెండు గంటలు అలా కట్టుకుంటే గాని ఆమెకు విశ్రాంతి లేదు.

"చదువు," అన్నాడు. "నావల్ల అవలేదు."

హైమావతి చదివింది. ఒకే ఒక్క వాక్యం. ఆపైన అతనికి వినబడేలా పైకి చదివింది.

"'నాన్నా, నీ గొంతు ఎలా ఉండేదో నాకు రాసి ఇవ్వు.'"

ఎర్రయ్య నేలమీద కూర్చుండిపోయాడు. హైమావతి నోటుబుక్కు తెచ్చి, కొత్త పేజీ తీసి, పెన్సిలు పట్టుకుని అతని పక్కన కూర్చుంది.

"చెప్పు బావా. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

అతను నోరు తెరిచాడు. పెరట్లో ఉన్న కూతురి వీపుకేసి చూశాడు.

"ఏటి చెప్పను?" అన్నాడు. "నా గొంతు ఎలగుంటాదో నాకేటి తెలుసు హైమా? అది దానికే తెలుసు."